పెనుకొండ మత్తు డాక్టరమ్మ

తొలికాన్పు పుట్టింట్లోనే కావాలి. ఆ విషయంలో మన సీమలో ఎవరూ వాదన పెట్టుకోరు. ఉద్యోగముందని మంజుల తొమ్మిదో నెల దాకా సాగదీసిందే గానీ, లేకుంటే వాళ్ళమ్మ వెంకటమ్మ ఏడో నెలలోనే హిందూపురం పోయి కూతుర్ని పిలుచుకొచ్చేది. అత్తగారు ఒడి నింపి, బస్సులో కుదుపులొద్దని కారు మాట్లాడి పంపింది. భర్త కిరణ్‌కు పట్టుగూళ్ళ మార్కెట్లో పని. వదిలి రాలేక దారి పొడుగునా ఫోన్లో పలకరిస్తూనే ఉన్నాడు. అట్లా మంజుల పెనుకొండ పక్కనున్న ఎర్రగుంటపల్లిలో, వాళ్ళ నాయన గంగన్న ఇంట్లో, మంచం మీద కాళ్ళు చాపుకుని కూచుంది.

ఈ పిల్ల చేసే ఉద్యోగం గురించి చెప్పాలి. ధర్మవరంలో తల్లీబిడ్డల లెక్కలు చూసే కేంద్రం ఒకటుంది. కడుపుతో ఉన్న మనిషి పరీక్షలకు పోతే ఆ వివరం ఒకచోట ఎక్కుతుంది, 108 బండెక్కితే ఇంకోచోట, కాన్పయితే మరోచోట, పుట్టిన బిడ్డకు సూది వేస్తే వేరేచోట. ఎవరి లెక్క వాళ్ళది, ఎవరి కంప్యూటరు వాళ్ళది. ఆ నాలుగు ముక్కలనూ కలిపి ఒక్కో తల్లి కథనూ మొదటి నుంచి చివరి దాకా ఒక దారానికి గుచ్చడం మంజుల పని. అట్లా గుచ్చితే ఏ ఊళ్ళో తల్లులకు ప్రమాదం ఎక్కువ, ఎక్కడ ఏ డాక్టరు కావాలి అనేది పైవాళ్ళకు తెలుస్తుందని ఆశ. మంచి ఆశే, కాదనలేం.

మంజుల కిందటి నెలలో ఇచ్చిన నివేదిక పైవాళ్ళకు తెగ నచ్చింది. పెనుకొండ కాన్పుల ఆసుపత్రి కింద గర్భిణులు తక్కువ, హిందూపురంలో ఎక్కువ అని అందులో తేలింది. ఇంకేం, పెనుకొండలో ఉన్న ఒకే ఒక్క మత్తు డాక్టరమ్మను ఒకటో తారీకు నుంచి హిందూపురానికి, అక్కడున్న మత్తు డాక్టరుకు తోడుగా మార్చమని ఉత్తర్వు వచ్చేసింది. మత్తిచ్చేవాళ్ళు లేకుంటే కోసేవాళ్ళు ఉండీ లాభం లేదు. అంటే పెనుకొండలో ఆపరేషన్ కాన్పులు ఆగిపోయినట్టే. మంజుల పై అధికారి రవికుమార్ అందరి ముందూ, 'ఈ పని మా మంజులది' అని చెప్పాడు. ఆ రోజు మంజుల ఇంటికి పోయేటప్పుడు మైసూర్‌పాక్ కొనుక్కుని పోయింది.

పుట్టింటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆశా కార్యకర్త కుళ్ళాయమ్మ వచ్చింది. ఊరందరికీ వరసలు కలిపి పిలిచే మనిషి. వచ్చీ రాగానే ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పేరెక్కిస్తాండా, వివరాలు జెప్పు మే."

"నా పేరు ఎప్పుడో ఎక్కిండాదక్కా, హిందూపురంలో. నంబరు జెప్తా, దాంతోనే తెరువు," అంది మంజుల.

"ఆ నంబరు మాకెందుకు? అది మీ అత్తోళ్ళ ఊరిది. ఈడ కొత్తగా చేస్తేనే నీకు అంగన్‌వాడీలో గుడ్లూ పాలూ వస్తాయి," అంటూనే కుళ్ళాయమ్మ వేలితో అక్షరాలు నొక్కింది. "మంజుల. గంగన్న కూతురు. ఫోను నంబరు మీ నాయనది పెడతాండా."

"మా ఆయన పేరు పెట్టు అక్కా. ఫోను నంబరు నాది పెట్టు."

కుళ్ళాయమ్మ తలెత్తి, ఈ పిల్లకు చదువెక్కువై మతి పోయిందేమో అన్నట్టు చూసింది.

"కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను అల్లుని పేరుతో రాస్తారా యాడన్నా? మీ నాయన గుండ్రాయి మాదిరి ఎదురుగా కూచోనుండంగా? ఊర్లో ఎవురన్నా వింటే నవ్వుతారు మే. కాన్పు చేయించేది ఆయన, ఖర్చు పెట్టేది ఆయన. నేను అందుర్నీ ఇట్లనే రాస్తాండా."

"అందర్నీనా?"

"ఈ సుట్టుపక్కల ఆశాలందరం ఇంతే. కొత్తేముంది ఇందులో?"

అరుగు మీద కూచున్న గంగన్న మీసం కింద నవ్వుకున్నాడు. వెంకటమ్మ లోపలినుంచి, "అదీ మాట," అంది. మంజుల మాత్రం కుళ్ళాయమ్మ ఫోను తన వైపు తిప్పుకుని ఆ వరసను మళ్ళీ చదివింది.

ఎందుకంటారా? నివేదిక తయారు చేసేటప్పుడు పెనుకొండ లెక్కల్లో ఆమెకు గుట్టలు గుట్టలుగా వింత పేర్లు కనిపించాయి. అన్నీ ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో హఠాత్తుగా ఎక్కిన పేర్లు. ముందు ఒక్క పరీక్షా లేదు. భర్త పేరుండాల్సిన చోట తండ్రి పేరు. ఫోను నంబరు ఇంకే లెక్కతోనూ కలవదు. మంజుల వాటిని కాసేపు చూసి, ఆశాలు కాన్పుల సంఖ్య పెంచుకోవడానికి ఎక్కించిన దొంగ పేర్లనుకుంది. అన్నింటినీ ఒక్క మీటతో తీసేసింది. అదే సమయంలో హిందూపురం, ధర్మవరం లెక్కల్లో నెలలు నిండాక కనపడకుండా పోయిన ఆడవాళ్ళు బోలెడంతమంది తేలితే, వాళ్ళు బెంగుళూరుకు కూలికి పోయుంటారని రాసి పెట్టింది.

వాళ్ళెవరూ బెంగుళూరు పోలేదు. రైలెక్కి పెనుకొండలో దిగి అమ్మగారింటికి పోయారు. పెనుకొండ చుట్టూ అన్నీ ఆడపిల్లల్ని ఇచ్చే పల్లెలు. ఇచ్చేది హిందూపురం, ధర్మవరం పట్నాలకు. అక్కడ కడుపు పండించుకుని కాన్పుకు ఇక్కడికొస్తారు. ఇక్కడ పుట్టి పెరిగిన మంజులకు ఇది తెలియదా? తెలుసు. కానీ కంప్యూటరు ముందు కూచుంటే తెలిసిన సంగతి కూడా తలకెక్కదు కాబోలు. ఎవడో పరాయి రాష్ట్రంవాడు చేసుంటే పాపం వాడికేం తెలుసు అనుకోవచ్చు. గంగన్న కూతురు చేసిందే, అదీ బాధ.

"బీపీ కొంచిం ఎక్కువ సూపిస్తాంది మే," అంది కుళ్ళాయమ్మ మంజుల చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ. "రేపు పెనుకొండకు పోయి సూపించుకో."

మర్నాడు తల్లీకూతుళ్ళు ఆసుపత్రికి పోయారు. బల్ల మీద పక్కన ఒకమ్మాయి కూచుని ఉంది. నిండు చూలాలు, ఒళ్ళో నాలుగేళ్ళ పిల్లోడు నిద్రపోతున్నాడు. పేరు రేష్మ. మొగుడు ధర్మవరంలో మగ్గం నేస్తాడట. తల్లి పెనుకొండలోనే పూలు కట్టి అమ్ముతుందట. అడక్కుండానే అన్నీ చెప్పేసింది.

"మొదుటోడు ఆపరేషనే అక్కా. ఈసారి గూడా కోయాల్నంట, నొప్పులు రాకముందే. నొప్పులొస్తే పాత కుట్లు ఊడిపోయే పెమాదముండాదంట. తొందరగా చెయ్యమని అడుగుదామని వచ్చినా. ఒకటో తారీకు నుంచి ఈడ మత్తు డాక్టరమ్మ ఉండదంట గదా."

"హిందూపురం పోవచ్చు గదమ్మా," అంది వెంకటమ్మ.

"ఆడ మాకెవురుండారు పెద్దమ్మా? మా యమ్మ పూలమ్మితేనే పూట గడిచేది. నేను ఆడ పండుకుంటే ఈణ్ని ఎవురు సూస్తారు? ధర్మవరంలో మా అత్తకు కండ్లు కనపడవు." రేష్మ పిల్లోడి తల నిమిరి నవ్వింది. "ఎవురో కంప్యూటర్లో లెక్కలేసినారంట, పెనుకొండలో కాన్పులే లేవని. ఈ బల్ల మీద జాగా లేక గోడకానుకోనుండారే, వీళ్ళంతా సినిమాకొచ్చినారా?"

బల్ల మీదివాళ్ళూ గోడకానుకున్నవాళ్ళూ నవ్వారు. వెంకటమ్మా నవ్వింది. మంజుల నేల చూసింది. ఆ లెక్కలేసింది నేనే అని నోటిదాకా వచ్చింది, పెదవి దాటలేదు.

"నేను అట్లాంటి ఆఫీసులోనే పని చేస్తా," అంది చివరకు. "నీ నంబరియ్యి. కనుక్కోని చెప్తా."

లోపల కాన్పుల డాక్టరమ్మ మంజులను చూసి మాత్రలు రాసింది. కాళ్ళు వాచాయి, ఎక్కడికీ తిరగొద్దంది. తల పగిలేలా నొప్పొచ్చినా, కళ్ళు మసకలు కమ్మినా ఆ క్షణమే రావాలంది. రేష్మకు మాత్రం నెలాఖరులో, ఉత్తర్వు అమలుకు రెండు రోజుల ముందు ఆపరేషన్ చేస్తామని మాటిచ్చింది. అప్పటికింకా వారం పైనే ఉంది.

ఆసుపత్రి గేటు దాటకముందే మంజుల రవికుమార్‌కు ఫోన్ చేసింది.

"సార్, నేను తీసేసిన పేర్లు దొంగ పేర్లు కాదు. నిజమైన ఆడవాళ్ళు. ఉత్తర్వు ఆపాల సార్."

రవికుమార్ చెడ్డమనిషి కాడు. పైవాళ్ళంటే భయం, కిందివాళ్ళంటే దయ, రెండూ సమంగా ఉన్న మనిషి.

"ఎంతమంది?" అన్నాడు.

"తెలీదు సార్. నేను ఒకదాన్ని. ఈడ ఇంకొకమ్మాయి కనిపించింది."

"ఇద్దరు. ఇద్దర్ని పట్టుకుని నేను పైకి పోయి, మేం తప్పు చెప్పినాం అనాలా? నువ్వు సెలవులో ఉండావు. రెస్టు తీసుకో మంజులా. పిల్లోడో పిల్లో పుట్టినాక చూసుకుందాం."

"అప్పటికి డాక్టరమ్మ పోయింటుంది సార్."

"చూద్దాంలే," అన్నాడు. ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలిసిందే.

ఆ రోజంతా మంజులకు కళ్ళు మూస్తే ఆ గోడకానుకున్న ఆడవాళ్ళే కనిపించారు. బీపీ మాత్ర వేసుకుంటే బీపీ తగ్గుతుందేమో గానీ భయం తగ్గదు. మళ్ళీ లెక్క కట్టి చూపిస్తే తప్ప రవికుమార్ కదలడు. లెక్కలన్నీ ధర్మవరం ఆఫీసు యంత్రంలోనే ఉంటాయి, బయటినుంచి తెరుచుకోవు. తల్లుల వివరాలు బయటికి పొక్కకూడదని ఆ కట్టడి. ఆమె చోట కూచున్న దానియేలుకు ఫోన్ చేస్తే, "నువ్వు చేసింది నాకు తల తిరగతాది మంజులా. నువ్వొచ్చి చెప్తే నేను నొక్కుతా. చెప్పేవాళ్ళు లేకుండా నేను ముట్టుకోను," అన్నాడు. నలభై దాటిన మనిషి, ముక్కు మీద కోపం, మాటకు కట్టుబడే రకం.

"ధర్మవరం పోయొద్దాం మా," అంది మంజుల తల్లితో.

వెంకటమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "ఏమంటివి? తొమ్మిదో నెల్లో పొలిమేర దాటిస్తానా నేను? డాక్టరమ్మ తిరగొద్దనె. మీ అత్త అడిగితే ఏం మొగం పెట్టుకోని చెప్పాల?"

"ఆ బల్ల మీద నవ్వితివి గదా, కంప్యూటర్లో లెక్కలేసినోళ్ళను తల్చుకోని. ఆ లెక్క నాదే మా."

వెంకటమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూచున్న చోటే కూచుండిపోయింది. కూతురి ఉద్యోగం గురించి ఊరంతా గొప్పలు చెప్పుకున్న మనిషి. కాసేపటికి లేచి, సంచిలో రొట్టెలు మూట కట్టింది. "పా. పొద్దున బండికి పోయి సాయంత్రానికి తిరిగొద్దాం. మీ నాయనకు చెప్పొద్దు," అంది.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, ఆ స్థితిలో ఆ పిల్ల పోవడం తెలివైన పనేనా అని. కాదు. కానీ మనసులో ముల్లు గుచ్చుకున్నవాళ్ళు నిదానంగా కూచోలేరు.

ప్యాసింజర్ బండిలో కిటికీ పక్కన జాగా దొరికింది. కొండలు వెనక్కి పోతుంటే మంజులకు తల వెనక సన్నగా నొప్పి మొదలైంది. ఎండ అనుకుంది. ఎండ అనుకోవడమే ఆమెకు కావలసింది. తల్లి చూస్తే దింపేస్తుందని నుదురు కిటికీ కమ్మీకి ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆఫీసులో దానియేలు కుర్చీ ఖాళీ చేసి స్టూలు లాక్కున్నాడు. వెంకటమ్మ తలుపు దగ్గర కూచుని కూతురి మొహమే చూస్తూ ఉంది.

"ఇంతకుముందు మొగుడి పేరు, ఫోను నంబరు పట్టుకుని కలిపినాం. అది వదిలెయ్ అన్నా," అంది మంజుల. "అత్తింట్లో మొగుడి పేరు, పుట్టింట్లో నాయన పేరు, ఎట్ల కలుస్తాయి? ఊరు మారినా మారనివి పట్టుకుందాం. ఆమె పుట్టిన తేదీ. చివరిసారి ముట్టయిన తేదీ. రక్తం గ్రూపు. ఎన్నో కాన్పు."

"నువ్వు తీసేసిన పేర్లు మళ్ళీ తేవాలనా?"

"అన్నీ."

దానియేలు నొక్కాడు. యంత్రం చాలాసేపు గింగిర్లు తిరిగింది. మంజుల గోళ్ళు కొరుక్కుంటూ కూచుంది. తాను అనుకున్నది తప్పయితే బాగుండుననీ, తప్పు కాకుంటే బాగుండుననీ రెండూ ఒకేసారి అనిపించాయి. తర్వాత తెర మీద జంటలు జంటలుగా వరసలు రాసాగాయి. ధర్మవరంలో మాయమైన మనిషి పెనుకొండలో తేలింది. హిందూపురంలో మాయమైన మనిషి పెనుకొండలో తేలింది. దొంగ పేర్లనుకున్నవాటిలో ముప్పాతిక వంతుకు పైగా అట్లా జత కుదిరాయి. అందులో ఆపరేషన్ అవసరం పడినవాళ్ళు హిందూపురం కంటే పెనుకొండలోనే ఎక్కువ.

"దేవా," అన్నాడు దానియేలు మెల్లగా. "సరిగ్గా తిరగేసి చెప్పినాం గదమ్మా."

మంజుల రవికుమార్ గదికి నడిచింది. గోడ పట్టుకుని నడిచింది. ఆయన కాగితాలు రెండుసార్లు చదివాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కింద సంతకం నాది మంజులా. నిలబడి మాట్లాడింది నేను."

"తప్పు నాది సార్. అట్లనే రాసిస్తా. నా కాంట్రాక్టు పోయినా పర్లేదు."

"నీ కాంట్రాక్టు కాదమ్మా సమస్య. పైవాళ్ళకు అంకెలు ఒకసారి ఇస్తే నమ్ముతారు, రెండోసారి వేరే అంకెలిస్తే రెండూ నమ్మరు." ఆయన నిట్టూర్చాడు. "సరే, పంపిస్తా. ఈ పొద్దే పంపిస్తా. ఆగుతాదని మాత్రం చెప్పలేను."

మంజుల తన తప్పు ఏమిటో తెల్లకాగితం మీద రాయడానికి కూచుంది. రెండో వాక్యం దగ్గర అక్షరాలు పక్కకు జరిగాయి. కళ్ళు నులుముకుంటే కాగితమంతా పొగలాగా అయింది. పెన్ను కింద పడింది. ఆ తర్వాత తల్లి కేక ఒక్కటే ఆమెకు గుర్తు.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి దానియేలు ఆటోలో చేర్చాడు. బీపీ చూసిన నర్సు మళ్ళీ చూసింది, పరుగున పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. బిడ్డను వెంటనే తియ్యాలి, లేకుంటే ఇద్దరూ దక్కరు అన్నారు. మత్తు డాక్టరు సెలవులో ఉన్నాడన్నారు. వెంకటమ్మ అక్కడే నేల మీద కూలబడి, దానియేలు చెయ్యి పట్టుకుని, "నాయనా, నాయనా," అంటూ ఉండిపోయింది. మంజులకు మాటలు వినపడుతున్నాయి, దేనికీ అర్థం తెలియడం లేదు. బిడ్డ కదులుతోందా లేదా అని చెయ్యి పొట్ట మీద పెట్టుకోవాలని చూసింది. చెయ్యి లేవలేదు. చచ్చిపోతానేమో అనుకుంది. భయమంటే ఏమిటో ఆ ఆపరేషన్ బల్ల మీద తెలిసింది.

ఎంతసేపటికో ఒక ఆడమనిషి చల్లటి చెయ్యి ఆమె నుదుటి మీద ఆనింది. "భయం లేదమ్మా, పెనుకొండ నుంచి నేనొచ్చినా. పక్కకు తిప్పుతాం, వీపులో చిన్న సూది," అంది.

ఆడపిల్ల పుట్టింది. తూకం తక్కువే గానీ గొంతు గట్టిదే. కిరణ్, గంగన్న, అత్తగారు అందరూ వచ్చేశారు. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు, వెంకటమ్మకు ధైర్యం చెప్పింది. బీపీ దిగడానికి రెండు రోజులు పట్టింది. మంజుల నోరు తెరిచి మాట్లాడే స్థితికొచ్చాక మొదట అడిగింది ఉత్తర్వు గురించే. దానియేలు ఫోన్ కలిపి చేతికిచ్చి తాను బయటికి పోయాడు.

"నిలిచిపోయింది మంజులా," అన్నాడు రవికుమార్. గొంతులో చాన్నాళ్ళకు ఉత్సాహం వినిపించింది. "డాక్టరమ్మ పెనుకొండలోనే ఉంటుంది. నీ కొత్త లెక్క పంపినా ముందు ఎవురూ తిరిగి సూడలేదు. అదే రోజు పెనుకొండలో ఒక కేసు జరిగింది చూడు, దాంతో అందరూ కదిలినారు. పాత ఆపరేషన్ ఉన్నమ్మాయి, ముందే నొప్పులొచ్చినాయి. మత్తు ఇచ్చేవాళ్ళు ఆసుపత్రిలో లేరు. హిందూపురానికి 108లో తీసుకుపోతుంటే దారిలోనే లోపల కుట్లు విడిచిపోయినాయి. తల్లిని కాపాడినారు. బిడ్డ దక్కలేదు. మత్తు డాక్టరు లేకుంటే ఏమైతాదో చూడండని నేనే పైకి రాసినా."

"పేరేమి సార్ ఆ పిల్లది?"

"రేష్మ."

పక్కన పాప నిద్రలో మూతి ఆడిస్తోంది. మంజుల దాని మీది గుడ్డ సర్దింది.

"డాక్టరమ్మ ఎందుకు లేదు సార్ ఆ పొద్దు? ఒకటో తారీకు ఇంకా రాలేదు గదా."

ఫోన్లో రవికుమార్ కాగితాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"నాకు మత్తిచ్చింది ఆయమ్మే సార్, నా కోసం ధర్మవరం వచ్చింది. నేను ఊరికే ఇంట్లో పండుకోనుంటే పెనుకొండలోనే నాకూ అయ్యేది, రేష్మకూ అయ్యేది. అది రాసినారా సార్?"

"అది రాస్తే మొత్తం చెడుతుంది మంజులా. నీ మంచికే చెప్తాండా. మనకు కావల్సింది డాక్టరమ్మ నిలవడం. నిలిచింది. ఇంక తవ్వొద్దు."

మంజుల ఫోన్ పెట్టేసింది. కిరణ్ ఏమైందంటే చెప్పలేదు. ఒక పూటంతా పాపను పక్కన పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. సాధించానని ఒక్కసారీ అనిపించలేదు. సాయంత్రం తల్లిని పిలిచి దిండు కింద నుంచి తన ఫోన్ తీయమంది. రేష్మ నంబరు నొక్కింది. ఎత్తకుంటే బాగుండుననుకుంది.

రేష్మే ఎత్తింది.

"ఎవురూ? అక్కా, మీరా. బల్ల మీద కూచోనింటిరే." గొంతు బాగా నీరసంగా ఉంది. "మీకు కాన్పయ్యిందా? ఏం పుట్టిండాది?"

"పాప," అంది మంజుల. "రేష్మా, నీకొక మాట చెప్పాల. ఆ పొద్దు మత్తు డాక్టరమ్మ ధర్మవరంలో నా దగ్గరుండె. నాకు పానం మీదికొస్తే ఆయమ్మను ఈడికి పిలిపించినారు. పెనుకొండలో కాన్పులు లేవని లెక్కలేసింది గూడా నేనే. ఆ లెక్క సరిజెయ్యాల్నని రైలెక్కి వచ్చింటి."

అవతల రేష్మ పిల్లోడు ఏడుస్తున్నాడు. రేష్మ వాడిని ఊరుకోమని గదమలేదు, బుజ్జగించలేదు. ఫోన్ పెట్టేసిందేమోనని మంజుల చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ధర్మవరంలో ఎవురికో పెమాదమని ఆయమ్మ పోయిందని మాకు చెప్పినారు," అంది రేష్మ చివరకు. "నొప్పులు పడతా నేను ఆ మనిషిని తిట్టుకున్యా అక్కా. బాగా తిట్టుకున్యా. అది మీరేనని నాకేం తెల్సు."

"తిట్టు. ఇప్పుడు గూడా తిట్టు."

"ఇప్పుడు తిట్టి ఏం జేసుకోవాల?" పిల్లోడి ఏడుపు వినపడుతుండగానే, "హిందూపురానికి పోతాదని ఒకరు, పెనుకొండలో ఉంటాదని ఒకరు. ఒకరు పోతే ఇంకొకరుండేటట్ల ఊరికి ఇద్దురు డాక్టరమ్మలుండాల్నని మీ లెక్కల్లో యాడా రాలేదా అక్కా?" అంది.

ఆ ప్రశ్న మంజులను ఎవరూ అడగలేదు, తానూ వేసుకోలేదు. ఉన్న ఒక్కరిని ఎక్కడ పెట్టాలా అనే లెక్కలోనే ఇన్ని నెలలూ మునిగిపోయింది. "రాస్తా," అంది. "నీ పేరు పెట్టను. నా పేరు పెట్టి, నువ్వెందుకు దారిలో ఉండిపోతివో అంతా రాస్తా."

ఫోన్లో పిల్లోడి ఏడుపు సద్దుమణిగింది. అప్పుడు రేష్మ అడిగింది, "పాప పాలు తాగుతాందా అక్కా?"

"తాగుతాంది."

"నాకు కారిపోతాండాయి," అంది రేష్మ. "గుడ్డ కట్టుకోమన్నారు. కట్టుకుంటి. అయినా నిలబడ్డంలేదు."

ఫోన్ కట్టయింది. పాప లేచి నోరు తెరిచి ఏడవడం మొదలుపెట్టింది. వెంకటమ్మ ఎత్తి కూతురి ఒళ్ళో పెట్టింది. మంజుల రవిక గుండీ తీసి పాపకు పాలివ్వబోయింది, పట్టించడం చేతకాలేదు. తల్లి వచ్చి పక్కన కూచుని, బిడ్డ తలను తన అరచేత్తో పట్టుకుని రొమ్ముకు ఆనించింది.

"ఏడవాకు మే, పాలు పడవు," అంది వెంకటమ్మ.

మంజుల ఏడుస్తూనే పాలిచ్చింది.